పది రోజులు ఎందుకు ఆగారు?

అక్క పోయిన ఐదో వారంలో కుక్క అన్నం ముట్టడం మానేసింది.

కుక్క అక్కది. నేను దాన్ని వద్దన్నదాన్ని. రాంగోపాల్‌పేటలో రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు మాది. అక్క ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. నేను యాప్రాల్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా పెళ్లిళ్లు ఎందుకు కాలేదన్నది వేరే సంగతి, అది అంత చెప్పుకోవలసిన సంగతి కూడా కాదు. అక్క నాకంటే పదకొండేళ్లు పెద్ద. రిటైరైన నెలలోనే, తనతో పనిచేసినావిడ ఇంట్లో పుట్టిన కుక్కపిల్లల్లో ఒకదాన్ని గుడ్డ సంచిలో పెట్టుకొని తెచ్చింది. తెల్లటి ఒళ్లు, చెవుల దగ్గర మాత్రం గోధుమరంగు. పొమేరియన్ అన్నారు గాని పూర్తిగా అదీ కాదు.

"ఇంట్ల ఒక జీవం ఉంటదే. నువ్వు బడికి పోతే నాకు మాట్లాడనీకె ఎవలున్నరు?" అంది.

దానికి తిండి పెట్టను, దాని వెంట్రుకలు ఊడ్వను అని ఆ రోజే చెప్పాను. ఏడేళ్లు ఆ మాట మీదే ఉన్నాను. అక్క దాన్ని 'బిడ్డా' అని పిలిచేది. దానికి వేరే పేరొకటి ఉంది, టీకాల పుస్తకంలో రాసింది. ఇంట్లో ఎవరూ వాడలేదు.

మూడేళ్ల కింద అక్క దానికి ఇన్సూరెన్స్ చేయించింది. నేను నవ్వాను. "నాకే లేదు ఇన్సూరెన్స్. కుక్కకు చేయిస్తున్నవా?" అన్నాను.

"నీకు నేనున్న గదనే" అంది.

ఆషాఢంలో ఒక ఆదివారం మోండా మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చి, మెట్లెక్కి, సంచి వంటింట్లో పెట్టి, తల పగిలిపోతోందని పడుకుంది. మెదడులో నరం చిట్లిందన్నారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. కళ్లు తెరవలేదు. గురువారం పొద్దున పోయింది. మా బాబాయి కొడుకు, మాకు తమ్ముడే, అన్నీ చేశాడు. నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. వచ్చిన ఆడవాళ్లు నా మెడ పట్టుకొని ఏడ్చి, నా మొహం వంక చూసి, పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. పదమూడో రోజున బడికి వెళ్లాను. తొమ్మిదో తరగతికి సంధులు చెప్పాను. పిల్లలు రోజూ కన్నా నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఎవరో వాళ్లకు చెప్పి ఉంటారు.

కుక్కకు తిండి పెట్టడం నా మీద పడింది. అక్క ఎలా పెట్టేదో చూశాను గనుక అలాగే పెట్టాను. పెరుగన్నంలో ఉడికించిన కోడి కార్జం చిన్న ముక్కలు చేసి కలపడం, చల్లారాక గిన్నె వంటింటి గడప దగ్గర పెట్టడం. నెల రోజులు తిన్నది. తర్వాత ఒకరోజు వాసన చూసి వెళ్లిపోయింది. మర్నాడు వాసన కూడా చూడలేదు. అక్క మంచం కిందికి దూరి గోడ వైపు తిరిగి పడుకుంది.

మా కింది ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. ఖాలా అంటాం. అక్కకు స్నేహితురాలు. పొద్దున నేను దాన్ని బయటికి తీసుకెళ్లి మెట్ల మీద మోసుకొస్తుంటే చూసి ఆగింది.

"ఏందమ్మా, తింటలేదా?"

"రెండు దినాలాయె ఖాలా, ముట్టుకుంటలేదు."

"మనాది పెట్టుకున్నది బిడ్డా. నోరులేని జీవం, ఎట్ల చెప్పుకుంటది దాని తక్లీఫ్? మా ఆయన పోయినప్పుడు మా మేక సుత గిట్లనే చేసింది. నెల దినాలు మేత ముట్టలే." చెయ్యి చాపి దాని తల నిమిరింది. "జెర టైం ఇయ్యి దానికి."

బడిలో చెబితే అందరూ అదే అన్నారు. లెక్కల టీచరు కళ్లు తుడుచుకుంది. కుక్కలు మనుషుల కంటే నయం అని ఒకరన్నారు. ఆ మాట నన్ను అన్నదో కాదో నేను ఆలోచించలేదు.

మనాది అన్న మాట నేను నమ్మాను. నమ్మడమే కాదు, నాకది ఒక రకంగా సదుపాయంగా ఉంది. ఇంట్లో మిగిలిన ఇద్దరిలో ఒకరైనా ఆ పని చేస్తున్నారు అనుకున్నాను. సాయంత్రం వచ్చి, పేపర్లు దిద్దుకుంటూ, మంచం కింద దాని ఊపిరి వినేదాన్ని. నీళ్లు మాత్రం బాగా తాగేది. గిన్నె రోజుకు మూడుసార్లు నింపేదాన్ని. ఎందుకంత తాగుతోందని ఆలోచించలేదు. ఖాళీ అయితే నింపాను, అంతే. అక్క ఉంటే ఆ గిన్నె చూసి రెండో రోజే కనిపెట్టేది. ముప్ఫై ఏళ్లు మనుషుల రక్తం, మూత్రం చూసిన మనిషి.

పదో రోజు శనివారం. ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అది వంటింట్లో వాంతి చేసుకొని దాంట్లోనే పడుకొని ఉంది. లేపితే వెనక కాళ్లు నిలబడలేదు. పొట్ట తగిలితే గట్టిగా, వేడిగా ఉంది. తువ్వాలులో చుట్టి, ఆటో ఎక్కి, అక్క ఎప్పుడూ తీసుకెళ్లే క్లినిక్‌కు తీసుకెళ్లాను.

డాక్టరు ముప్ఫై దాటని అమ్మాయి. బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. మొహం మారింది.

"తినక ఎన్ని రోజులైంది మేడమ్?"

"పది రోజులు."

"పది రోజులా?"

"మా అక్క చనిపోయింది. కుక్క ఆమెది. మనాది పెట్టుకుంది అనుకున్నం."

ఆమె నా వంక ఒకసారి చూసి, కేసు షీటు మీద ఇంగ్లీషులో ఏదో రాసింది. తర్వాత స్కానింగు చేసింది. తెర మీద నల్లటి మచ్చలు చూపించింది.

"ఇది మనాది కాదు మేడమ్. గర్భసంచి నిండా చీము పట్టింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వస్తుంది. లోపలే పగిలితే ఇక చేతిలో ఉండదు. ఇప్పుడే తీసెయ్యాలి."

ఆ ఆపరేషన్ చేయించమని ఇదే క్లినిక్‌లో అక్కకు ఎప్పుడో చెప్పారు. అక్క వద్దంది. "గింత చిన్న ప్రాణం, కొయ్యనీకె మనసొప్పుతలేదు" అంది. నాకు గుర్తుంది. డాక్టరుకు చెప్పలేదు. ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను.

మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. తర్వాత డాక్టరు పిలిచి, ఒక స్టీలు ట్రేలో తీసింది చూపించింది. చూపించడం వాళ్ల పద్ధతట. చేతి మణికట్టంత లావున ఉబ్బిన రెండు గొట్టాలు. అంత చిన్న కుక్క లోపల అంత పెద్దది ఎలా పట్టిందో అర్థం కాలేదు. చూడమంది కాబట్టి చూశాను. పది రోజులు నేను దుఃఖం అనుకున్నది ఆ ట్రేలో ఉంది. ఏమనిపించిందని ఎవరైనా అడిగితే, ఏమీ అనిపించలేదనే చెప్పాలి. ట్రే అంచుకు ఒక సొట్ట ఉంది, అది గుర్తుంది.

ఐదు రోజులు క్లినిక్‌లో సెలైన్ మీద ఉంది. బడి అయ్యాక రోజూ వెళ్లాను. నన్ను చూసి తోక ఊపలేదు, మొహం తిప్పుకోలేదు. మూడో రోజున అన్నం తిన్నది. బిల్లు నా రెండు నెలల జీతానికి కాస్త తక్కువ వచ్చింది. కౌంటరులో ఉన్నావిడ "ఇన్సూరెన్స్ ఉందా మేడమ్?" అని అడిగితే అప్పుడు గుర్తొచ్చింది.

అక్క బీరువాలో ప్రతిదానికీ ఒక ఫైలు ఉండేది. అట్ట మీద ల్యాబులో సీసాల మీద రాసినట్టు చిన్న, నిటారు అక్షరాలు. కుక్క ఫైలు తేలిగ్గానే దొరికింది. పాలసీ ఇంకా ఐదు నెలలు ఉంది. ఇక సులువే అనుకున్నాను.

క్లెయిమ్ ఫోనులోనే వేయాలి. అందుకు పాలసీలో ఉన్న నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. అది అక్క నంబరు. అక్క ఫోను ఆసుపత్రి నుంచి తెచ్చిన సంచిలోనే ఉంది, ఆ రోజు నుంచి ముట్టుకోలేదు. చార్జింగు పెట్టాను. కాసేపటికి తెర వెలిగి, నెలన్నరగా ఆగిన మెసేజీలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. చీరల సేలు, కరెంటు బిల్లు, మందుల షాపువాడి రాఖీ ఆఫరు. అవన్నీ అయ్యాక ఓటీపీ వచ్చింది. ఆ ఆరు అంకెలు నా ఫోనులో కొట్టాను. బిల్లులు, స్కానింగు రిపోర్టు, కేసు షీటు ఫొటోలు తీసి పంపాను. ఆఖరున 'పాలసీదారు సంతకం' అని ఒక గడి. అక్కడ ఆగాను.

తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఉత్తగ నువ్వే పెట్టెయ్ అక్కా. ఎవలు చూస్తరు?" అన్నాడు.

పాత పరీక్ష పేపరు వెనక అక్క సంతకం నాలుగుసార్లు రాసి చూశాను. బాగానే వచ్చింది. ఒకే ఇంట్లో, ఒకే పలక మీద అక్షరాలు దిద్దిన చేతులు మావి. అక్కే నాకు దిద్దించింది. ఐదోది గడిలో పెడదామనుకుంటూ ఉండగా అక్క ఫోను మోగింది. క్లెయిమ్ షురూ చేసి మధ్యలో ఆపారు, సహాయం కావాలా అని కంపెనీ నుంచి.

"నమస్తే మేడమ్. నేను పెట్ పేరెంట్ గారితో మాట్లాడుతున్నానా?" ఆడపిల్ల గొంతు, కాగితం చూసి చదువుతున్నట్టు.

"అంటే ఎవరు?"

"అంటే పెట్‌కు పేరెంట్ మేడమ్. పాలసీ ఎవరి పేరు మీద ఉందో వారు."

"ఆమె చనిపోయింది."

"సారీ మేడమ్. చాలా బాధాకరం. పెట్ ఏ తేదీన చనిపోయింది మేడమ్?"

"పెట్ కాదు. మా అక్క."

"పెట్ ఉందా మేడమ్?"

"ఉంది."

"ఓకే మేడమ్. అయితే ఇది డెత్ క్లెయిమ్ కిందికి రాదు మేడమ్. నోట్ చేసుకుంటున్నాను."

తమ్ముడు ఆ సంగతి విని తల కొట్టుకున్నాడు. "ఎందుకు చెప్పినవ్ అక్కా? ఔనమ్మా నేనే అంటే అయిపోతుండె గద!" అన్నాడు. నిజమే. నిజాయితీ కోసం చెప్పలేదు నేను. అడిగింది, ఉన్నది చెప్పాను. అబద్ధం ఆడాలంటే ఒక క్షణం ముందు ఆలోచించాలి. ఆ రోజుల్లో ఆ ముందు క్షణం నాకు ఉండేది కాదు.

వారం తర్వాత మెయిల్ వచ్చింది. చికిత్స జరిగిన నాటికి పాలసీదారు జీవించి లేరు కనుక, ఆ తేదీన ఈ జంతువు యజమాని ఎవరో రుజువు చేయాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, కుక్కతో కొత్త యజమాని ఫొటో పంపాలి.

మరణ ధ్రువపత్రం నా దగ్గర ఉంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం మీసేవకు వెళ్లాను. కంప్యూటరు ముందున్నతను వివరాలన్నీ కొట్టుకొని, "దేనికోసం అమ్మా? పెన్షనా, ఆస్తా?" అన్నాడు.

"కుక్క కోసం."

తలెత్తి చూశాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు కూడా చూశారు. నేను మెయిల్ తీసి చూపించాను. చదివి, గడ్డం గోక్కున్నాడు.

"ఆస్తి అని కొడతా అమ్మా. కుక్క అంటే లోపల సార్ వాపస్ పంపుతడు. మళ్ల పరేషాన్ అయితరు మీరు."

"సరే" అన్నాను.

మూడు వారాల తర్వాత విచారణకు రెవెన్యూ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఇద్దరు పొరుగువాళ్ల సాక్ష్యం కావాలంటే కింది ఇంటి ఖాలాను, ఎదురింటి టైలరును పిలిచాను. ఆయన నిలబడే అడిగాడు, చనిపోయినావిడకు భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, ఎవరున్నారని.

"ఎవలు లేరు సార్" అంది ఖాలా. "ఇద్దరే అక్కచెల్లెండ్లు ఉంటుండె. ఇగ గీ అమ్మ ఒక్కతే." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన రాసుకున్నాడు. కుక్క గుమ్మంలో కూర్చొని ఆయన చెప్పులు వాసన చూసింది. ఆస్తి అని రాసిన కాగితం చేతిలో పట్టుకొని "ఇల్లు సొంతమేనా?" అన్నాడు. కిరాయిదని చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

కాగితం ఇంకో పది రోజులకు వచ్చింది. అందులో గీతలు గీసిన పట్టీ ఉంటుంది, కుటుంబ సభ్యుల పేర్లు రాయడానికి. వరుస సంఖ్య ఒకటి, నా పేరు, బంధుత్వం చెల్లెలు. దాని కింద ఏమీ లేదు. ఖాళీ గడుల మీద ఎవరూ ఇంకేదీ రాయకుండా పైనుంచి కింది దాకా ఏటవాలుగా ఒక గీత కొట్టారు. ఆ కాగితాన్ని నేను చాలాసేపు చూశాను. మీద చల్లటి గుడ్డ వేసినట్టు ఉంది తప్ప, నొప్పి అని చెప్పలేను. ఫొటో తీసి కంపెనీకి పంపాను. కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకొని తమ్ముడితో ఫొటో తీయించుకున్నాను. అది నా ఒళ్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఇద్దరం కెమెరా వంక చూడలేదు.

మళ్లీ మెయిల్. ఈసారి యజమాని సంగతి ఎత్తలేదు. చికిత్సలో పది రోజుల జాప్యం జరిగినట్టు డాక్టరు కేసు షీటులోనే ఉందని, యజమాని నిర్లక్ష్యం వల్ల పెరిగిన జబ్బుకు పాలసీ వర్తించదని, వివరణ ఉంటే వారంలోగా ఇవ్వాలని.

కేసు షీటు తీసి చదివాను. ఆ రోజు డాక్టరు రాసింది అదే. పది రోజులుగా తినడం లేదు. యజమానురాలు చనిపోయినందున బెంగ పెట్టుకుందని ఇంటివారు అనుకున్నారు.

కంపెనీకి ఫోన్ చేశాను. ప్రతిసారీ ఎవరో ఒకరు ఎత్తేవాళ్లు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది. అక్క చనిపోయింది, పాలసీ అక్క పేరు మీద ఉంది, కుక్క బతికే ఉంది. ఆ మూడు వాక్యాలూ ఆ నెలల్లో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పగా చెప్పగా పాఠంలా నోటికొచ్చేశాయి. ఈసారి ఎత్తింది మొదట మాట్లాడిన ఆడపిల్లే. గొంతు గుర్తుపట్టాను.

"మేడమ్, డాక్యుమెంట్ ప్రకారం పది రోజులు ఎందుకు ఆగారు అన్నదానికి మీరు రీజన్ ఇవ్వాలి మేడమ్."

నేను కేసు షీటు మడత పెట్టాను.

"మేడమ్, లైన్లో ఉన్నారా? పది రోజులు ఎందుకు ఆగారు?"

"రాసి పంపుతాను" అని పెట్టేశాను.

పిల్లలకు ఉత్తరం రాయడం నేర్పిస్తాను నేను. తేదీ పైన, సంబోధన ఎడమ పక్క, విషయం ఒక్క వాక్యంలో. ఆ ప్రకారమే రాశాను. ఆర్యా. విషయం, పెంపుడు కుక్క చికిత్సలో జాప్యానికి వివరణ. ఆ కింద ఏం రాయాలో తెలియక, జరిగింది జరిగినట్టు రాసుకుంటూ వెళ్లాను. ఆదివారం మార్కెట్ నుంచి వచ్చిందని, సంచిలో బెండకాయలు, గోంగూర ఉన్నాయని, మంచినీళ్లు అడిగితే నేను ఇచ్చానని, సగం తాగిందని. గురువారం ఆసుపత్రిలో నన్ను బయట కూర్చోమన్నారని. పోయిన తర్వాత ఇంట్లో ఎవరూ ఏడవలేదని, కుక్క తిండి మానేస్తే అది ఏడుస్తోందని అనుకున్నానని, అందుకే ఆపలేదని. రెండు పేజీలైంది. మళ్లీ చదివి చూశాను. అక్క పోవడాన్ని నేను అంత వివరంగా ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి చెప్పింది ఎవరో తెలియని క్లెయిముల గుమాస్తాకు.

రెండో పేజీ కొట్టేశాను. బెండకాయలు, మంచినీళ్లు తీసేశాను. ఏడు వాక్యాలు మిగిలాయి. బడిలో ఇంగ్లీషు టీచరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చింది. పంపాను.

'మీ వివరణ పరిశీలించాము. క్లెయిమ్ తిరస్కరించబడింది.' రెండు వాక్యాలు.

అక్కడితో వదిలేద్దామనుకున్నాను. కాని ఆ సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అదే ఆడపిల్ల. ఈసారి కాగితం చదువుతున్నట్టు లేదు. ఆఫీసు బయట ఎక్కడో ఉంది, వెనక బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి.

"అమ్మా, నేనమ్మా, క్లెయిమ్‌ల మాట్లాడిన పిల్లను. నేను గిట్ల ఫోన్ చెయ్యొద్దు. చేసిన్నని ఎవలకూ చెప్పకుండ్రి. మీ లెటర్ చదివిన. డాక్టరమ్మతోని ఒక కాగితం రాయించుండ్రి. గీ బీమారి బయటికి కనవడది, ఇంట్లోళ్లకు తెల్వది అని రాస్తే సాలు. మీరు రాసింది కాదు, డాక్టర్ రాసిందే చూస్తరు వీళ్లు. మళ్ల తెరవమని అప్పీల్ పెట్టుండ్రి."

"నువ్వు ఎక్కడి పిల్లవు?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు.

"సిద్దిపేట దిక్కు అమ్మా. ఈడ హాస్టల్ల ఉంట." గొంతు తగ్గించింది. "ఆ దినం కుక్క ఎప్పుడు పోయిందని అడిగిన గద మిమ్ముల. శానా తప్పాయె అమ్మా. కంప్యూటర్ల గట్లనే అడగమని వస్తది."

"పర్లేదు బిడ్డా" అన్నాను. నిజంగానే పర్లేదు. ఆ మాటకు నాకు అప్పుడూ కోపం రాలేదు.

మర్నాడు క్లినిక్‌కు వెళ్లి డాక్టరుకు మెయిల్ చూపించాను. ఆమె చదివి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆ బెంగ సంగతి నేను రాయకుండా ఉండాల్సింది మేడమ్. జబ్బుకు దాంతో పని లేదు. మీరు చెప్తుంటే రాసేశాను."

"నేను చెప్పిందే గదా రాశారు."

"చెప్పినవన్నీ రాయం కదా" అని లెటరు పేపరు తీసుకుంది. బయటికి చీము కారని రకం జబ్బు ఇదని, పరీక్ష చేయకుండా ఇంటివాళ్లు గుర్తించడం కష్టమని, యజమాని తప్పు లేదని రాసి, ముద్ర వేసి ఇచ్చింది. ఇస్తూ, "నిజంగా తెలియదు మేడమ్ ఎవరికీ" అంది. నాకు ఆ నీళ్ల గిన్నె గుర్తొచ్చింది. రోజుకు మూడుసార్లు. దాని సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ మాట నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మాఘంలో, పిల్లలకు పరీక్ష పెట్టి వరుసల మధ్య తిరుగుతుంటే చీర కుచ్చిళ్ల దగ్గర ఫోను ఒకసారి వణికింది. డబ్బు పడింది. సెలైన్లు, స్కానింగు కోసేసి, ఇంకా ఏవో కోసేసి, బిల్లులో సగం కన్నా తక్కువ. ఫోను దోపుకొని మళ్లీ తిరిగాను. వెనక బెంచీలో ఒక పాప ఇంకో కాగితం అడిగితే ఇచ్చాను.

"మొత్తానికి గెలిచినవ్ అక్కా!" అన్నాడు తమ్ముడు.

గెలిచినట్టు లేదు. ఓడినట్టూ లేదు. ఒక పని ముగిసినట్టు కూడా లేదు, ఎందుకంటే నెలల తరబడి సాయంత్రాలు ఆ ఫైలు ముందు వేసుకొని కూర్చోవడం అలవాటైపోయింది. ఆ తర్వాతి సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచలేదు.

కుక్క బాగానే ఉంది. చీము తీసేశాక మునుపటిలాగే తింటోంది, మునుపటిలాగే పాలవాడి మీద అరుస్తోంది. అక్క మంచం కింద పడుకోవడం మానేసింది. ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ పడుకుంటుంది. అసలది అక్క కోసం బెంగ పెట్టుకుందా లేదా అన్నది నాకు తెలియదు. పొట్టలో నొప్పి ఉంటే చీకట్లో గోడ వైపు తిరిగి పడుకోవడం కుక్కల లక్షణమట. అంతకుముందు నెల రోజులు అది పూర్తిగా తిన్నది గదా అని ఒక్కోసారి అనుకుంటాను. అలా అనుకొని దాని మీద కోపం తెచ్చుకోవాలని చూస్తాను. రాదు. నేనూ తిన్నాను.

పోయిన నెల టీకా కోసం దాన్ని క్లినిక్‌కు తీసుకెళ్లాను. బెంచీ మీద నా పక్కన, బుట్టలో పిల్లిని పెట్టుకొని ఒకాయన కూర్చున్నాడు. అరవై దాటి ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కౌంటరులో ఇచ్చిన ఇన్సూరెన్స్ కరపత్రం అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"మేడమ్, మీరు చేయించిన్రా గిది? ఫాయిదా ఉంటదా?"

ఏం చెప్పాలా అని చూశాను. సగం కన్నా తక్కువ వచ్చిందని చెప్పవచ్చు. కాగితాల సంగతి చెప్పవచ్చు.

"చేయించుకోండి గాని, ఒక్కరి పేరు మీదే పెట్టకండి. ఇంట్ల ఇంకొకరి పేరు సుత రాయించండి" అన్నాను.

ఆయన కరపత్రం మడిచి జేబులో పెన్నుల వెనక పెట్టుకున్నాడు. బుట్ట మూత కొంచెం తెరిచి పిల్లి వంక చూశాడు.

"ఇంట్ల నేనొక్కన్నే ఉంట మేడమ్" అన్నాడు.

కౌంటరులో ఆవిడ మా నంబరు పిలిచింది. కుక్కను ఎత్తుకొని లోపలికి వెళ్లాను.